మత్తులో కుంగు నాడి

శస్త్రచికిత్స యనగానే మనము కత్తిని తలచి భయపడుదుము. కాని బల్లపై పరుండిన రోగికి కత్తి తగులుటకు ముందే మరియొక గండము పొంచియుండును. మత్తుమందు స్పృహను హరించుటతో ఊరకొనదు. రక్తనాళములను సడలించును, గుండె బలమును కొంత తగ్గించును. రక్తపీడనము పడిపోవును. అది మితిమీరి పడి, చాలసేపు అట్లే నిలిచెనేని మెదడునకు, మూత్రపిండములకు, తుదకు గుండెకే రక్తము చాలదు. పడినదానిని లేవనెత్తుటకు ఏ మందు నెన్నుకొనవలె నను ప్రశ్నకు నూఱేండ్లకు మించిన చరిత్ర గలదు. అందు మన హైదరాబాదునకును ఒక తావు కలదు.

1846 లో బోస్టనునందు మార్టన్ ఈథరును, మరుసటి యేడు ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారమును ప్రయోగించిరి. 1848 జనవరిలో ఇంగ్లండునందు హన్నా గ్రీనర్ అను 15 ఏండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుటకై క్లోరోఫారము పీల్చి, కొలది నిమిషములలో మరణించెను. ముందు ఆగునది ఊపిరియా, గుండెయా యని వైద్యలోకము రెండుగా చీలెను.

ఈ వివాదమును తేల్చుటకై హైదరాబాదులో సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యవమున, నిజాము ధనసహాయముతో, 1888 లోను 1889 లోను రెండు సంఘములు జంతువులపై పరీక్షలు జరిపినవి. రెండవదానికి లండను నుండి లాడర్ బ్రంటన్ వచ్చెను. శ్వాసయే ముందు ఆగుననియు, దానిని కనిపెట్టియున్న చాలుననియు, రక్తపీడనము తగ్గుట తనంతట అపాయము కాదనియు వారు తేల్చిరి. శ్వాసను కనిపెట్టుమనుట మంచి సలహాయే. గుండెను ఉపేక్షించుట మాత్రము పొరపాటని తరువాతి పరిశోధనలు చూపినవి.

1896 లో ఇటలీ వైద్యుడు రివా-రోచీ చేతికి పట్టీ కట్టి పీడనమును కొలుచు సాధనమును కల్పించెను. అప్పటికే ఆలివర్, షేఫర్ అనువారు మూత్రపిండములపైనున్న గ్రంథుల రసము రక్తపీడనమును ఎగబ్రాకించునని కనుగొనియుండిరి. 1901 లో జపానీయుడు తకమినె ఆ రసమునుండి అడ్రినలిన్‌ను వేరుపఱచెను. అమెరికాలో క్రైల్ దానిని శస్త్రచికిత్సలో కుంగినవారికి వాడి చూచెను. ఇక భయము తీరెనని తోచునంతలో 1911 లో లీవీ పిల్లులపై పరీక్షించి, లేత క్లోరోఫారము మత్తులో అడ్రినలిన్ ఎక్కించినచో గుండె కొట్టుకొనుట మాని వణకి ఆగిపోవునని నిరూపించెను. ప్రాణము నిలుపవలసిన మందే ప్రాణము తీయగలదు! నాటినుండి మందుల ఎంపికయే ఒక శాస్త్రమైనది.

చైనావారి మాహువాంగ్ మూలికనుండి 1885 లో నగాయి వేరుచేసిన ఎఫెడ్రిన్‌ను 1924 ప్రాంతమున పెకింగులో చెన్, ష్మిట్ అనువారు లోకమునకు తెలియజేసిరి. అది గుండె వేగమును, పీడనమును రెంటిని పెంచును. మాటిమాటికి ఇచ్చినకొలది దాని పట్టు తగ్గును. ఫెనిలెఫ్రిన్ నాళములను బిగించును. పీడనము లేచును గాని నాడి నెమ్మదించును. ఈ భేదమునకు కారణమును 1948 లో ఆల్‌క్విస్ట్ చెప్పెను: శరీరమున ఈ మందులను గ్రహించు తావులు ఆల్ఫా, బీటా అని రెండు తెఱగులు. అందుచే నాడి మందగించినవానికి ఎఫెడ్రిన్, నాళములు సడలి నాడి వడిగానున్నవానికి ఫెనిలెఫ్రిన్ అను వివేచన కలిగినది. నాళములను బలముగా బిగించుచు గుండెకును కొంత ఊతమిచ్చు నారడ్రినలిన్ మూడవ తోడు.

2017 లో ప్రకటింపబడిన ఫ్రాన్సుదేశపు పరిశోధన యొకటి మరియొక మెట్టెక్కించినది. పెద్ద శస్త్రచికిత్సలు పొందిన దాదాపు 300 మందిలో కొందఱికి నారడ్రినలిన్‌తో వారివారి సహజ పీడనమునే నిలిపిరి. తక్కినవారికి పీడనము మిక్కిలి పడినపుడే ఎఫెడ్రిన్ ఇచ్చిరి. అవయవములు దెబ్బతినుట మొదటివారిలో నూటికి 38, రెండవవారిలో 52.

అయినను మందుకు ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: పీడనమేల పడినది? నెత్తురు పోయినచో నెత్తురు కావలెను. మత్తు మించినచో మత్తు తగ్గింపవలెను. కారణ మెఱుంగక నాళములను బిగించుట, అడుగంటిన బావిలో చేదను గట్టిగా లాగుట వంటిది. స్పృహ లేనివాడు తన బాధను చెప్పుకొనలేడు. అతని పక్షమున మాటాడునది నాడియే. దానిని వినుటకు ఒకరు మేల్కొనియుండుటచేతనే తక్కినవారమందఱము నిశ్చింతగా కన్నులు మూయగలుగుచున్నాము.