చిలకలగుట్ట కింద డోలి చప్పుడు

మాఘ పున్నమి జాతర, గురువారం పొద్దు వాలుతోంది. వరంగల్ నుంచి మేడారం దాకా వంద కిలోమీటర్లు రావడం ఒక ఎత్తు, అమ్మవార్ల గద్దెల దగ్గరి జనాన్ని దాటి ఈ చిలకలగుట్ట కిందికి చేరడం ఒక ఎత్తు. కోయ పూజారులైన వడ్డెలు గుట్టెక్కారు. పైన జరిగే పూజ వాళ్లకే తెలుసు. కింద కోయ డోలి వాద్యగాళ్లతో పాటు మీరూ సమ్మక్క కోసం ఎదురుచూస్తున్నారు.

ఒకాయన డోలిని భుజానికి సర్దుకుని రెండు దెబ్బలు వేసి ఆపుతాడు. పక్కాయన కాసేపాగి మూడు వేస్తాడు. కొమ్ముబూర అందుకుంటుంది. ఊదేవాడి ఊపిరి ఎంతుంటే కూత అంత! అది గుట్టకు తగిలి తిరిగొస్తుంటే డోలీలు దానికి జాగా ఇస్తాయి. చెవి పెట్టి వినండి, వీళ్ల విద్యంతా ఆ జాగాలోనే ఉంది.

రాసుకున్న స్వరం లేదు, రిహార్సల్ లేదు. వరుసలు మాత్రం తాతల నాటివి. ఈ పూట ఎంత సాగదీయాలో, ఎక్కడ విరవాలో ఎదుటివాడి దెబ్బను బట్టే తేలుతుంది. ఐరోపాలో 1960లలో కొందరు ఇలా అప్పటికప్పుడు కలిసి వాయించడాన్ని కొత్త సంగీతంగా చేపట్టారు. మన అడవిలో అది పాతదే. డోలి కొడుతూ సమ్మక్క సారలమ్మల కథ పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. మణుగూరు దగ్గరి కూనవరం ఆయనది. 2024లో కన్నుమూశారు. ఆయన గొంతులోని కథలు ఎన్ని మిగిలాయో తలుచుకుంటే గుబులుగా ఉంటుంది.

అదిగో, గుట్ట మీద కదలిక! సమ్మక్క రూపమైన కుంకుమ భరిణెతో వడ్డె దిగుతున్నాడు. పోలీసుల తుపాకులు ఆకాశంలోకి పేలాయి. మొక్కుగా విసిరిన ఎదురుకోళ్లు గాల్లోకి లేచాయి. శివసత్తులు పూనకంతో ఊగిపోతున్నారు. డోలీలు ఉరుకందుకున్నాయి. జనం అడ్డుపడి వడ్డె ఆగితే దెబ్బ అక్కడక్కడే తిరుగుతుంది, అడుగు పడగానే మళ్లీ ముందుకు దూకుతుంది. మీ కాళ్లు మీకు తెలియకుండానే ఆ లెక్కలో పడిపోయాయి.

గద్దెలు దగ్గరయ్యేకొద్దీ దుకాణాల మైకుల్లో పాటలు పెరుగుతాయి. మూడడుగుల దూరంలో ఉన్న డోలి కూడా వినపడదు. ఎదుటివాడి దెబ్బ వినపడకపోతే ఈ వాద్యగాళ్లకు ఇక ఆధారమేముంది? తప్పిపోయినవాళ్ల పేర్లు చెప్పే మైకు ఉండాల్సిందే. జాతర నడిపే పెద్దలను, అధికారులను అడిగేదొక్కటే: సమ్మక్క గుట్ట దిగి గద్దెకు చేరేదాకా పాటల మైకులన్నీ ఆపించండి.