మురికి నదికి ఓ తెరచాప పడవ

నది కంపు కొడుతుంటే మనమైతే ఏం చేస్తాం? కలెక్టరుకు అర్జీ పెడతాం, లేదా ముక్కు మూసుకుని పోతాం. పీట్ సీగర్ మాత్రం పడవ కట్టిద్దామన్నాడు.

బాంజో భుజాన వేసుకుని ఊరూరా తిరిగిన అమెరికా జానపద గాయకుడాయన. మన బడిపిల్లలు పాడే ‘హమ్ హోంగే కామ్‌యాబ్’ ఉంది చూడండి, దాని మూలమైన ఇంగ్లిషు పాటను లోకమంతా తిప్పినవాళ్లలో ఒకడు. న్యూయార్క్ నగరానికి ఎగువన బీకన్ దగ్గర, హడ్సన్ నది కనిపించే కొండ మీద, 1949లో దుంగలతో సొంతంగా ఇల్లు కట్టుకున్నాడు. కింద నది మాత్రం కాలు పెట్టేలా లేదు. ఊళ్ల మురుగంతా అందులోకే. కార్ల ఫ్యాక్టరీ ఉన్నచోట, ఆ రోజు కార్లకు ఏ రంగు వేస్తే నీళ్లు ఆ రంగులో పారతాయని జనం చెప్పుకునేవారు.

అరవైల్లో ఒక స్నేహితుడు ఆయనకో పాత పుస్తకం ఇచ్చాడు. 1908లో అచ్చయింది. ఒకప్పుడు హడ్సన్ మీద సరుకులనూ మనుషులనూ మోసిన స్లూప్ అనే పడవల గురించి. ఒక్కటే స్తంభం, దానికి పేద్ద తెరచాప. ఆవిరి ఓడలూ రైళ్లూ వచ్చి వాటిని మింగేశాయి. గోదావరి మీద తెరచాప పడవలు చూసినవాళ్లకు ఈ దిగులు వేరే చెప్పక్కర్లేదు. పుస్తకం చదివిన సీగర్, అలాంటిది మనమూ ఒకటి కడదామని ఆ స్నేహితుడికి ఉత్తరం రాశాడు.

ఆయన లెక్క నాకు భలే నచ్చుతుంది. జనం నది వైపు చూడటమే మానేశారు. అందమైన పడవ రేవుకొస్తే చూడ్డానికి వస్తారు. వస్తే కంపు తగులుతుంది. తగిలితే, ఎవడు చేశాడీ పని అని అడుగుతారు.

పడవ కోసం 1966లో సంఘం పెట్టారు. నది ఒడ్డున బంగళాలున్న షావుకార్లూ, గిటార్ పట్టుకున్న కుర్రాళ్లూ ఒకే సంఘంలో! తగాదాలు రాకుండా ఉంటాయా? పైగా సీగర్ 1955లో, కమ్యూనిస్టు సంబంధాలు ఆరా తీసిన అమెరికా కాంగ్రెస్ విచారణ సంఘం ముందు జవాబు చెప్పనని మొండికేసినవాడు. పడిన శిక్షను 1962లో పైకోర్టు కొట్టేసినా కమ్యూనిస్టు అన్న ముద్ర పోలేదు. వాడి పడవ మా రేవుకెందుకని గొణిగినవాళ్లున్నారు. ఆయన పాడుతూ పోయాడు, పాటయ్యాక జోలె పట్టాడు. కచేరీల ఏర్పాట్లు, ఆ తర్వాత ఏటేటా సాగిన ఉత్సవం భార్య టోషీ చేతిమీదుగా నడిచాయి. ఆమె లేకపోతే ఆ పడవ కాగితం మీదే ఉండేదేమో.

మెయిన్ రాష్ట్రంలోని సౌత్ బ్రిస్టల్‌లో, హార్వీ గామేజ్ పడవల కార్ఖానాలో 106 అడుగుల కొయ్య పడవ తయారైంది. పేరు ‘క్లియర్‌వాటర్’, అంటే తేటనీరు. 1969 మే 17న నీళ్లలోకి దించారు. దాని మొదటి సిబ్బందిలో గాయకులే ఎక్కువ. దారి పొడవునా రేవురేవునా కచేరీలు చేస్తూ న్యూయార్క్ చేరారు.

అప్పటినుంచీ అది తేలే బడి. పిల్లలు ఎక్కి, అందరూ కలిసి తాడు లాగి తెరచాప ఎత్తుతారు. వల వేసి చేపలు పట్టి, చూసి, తిరిగి నీళ్లలో వదిలేస్తారు. 1972లో నదుల శుద్ధి చట్టం మీద చర్చ నడుస్తుండగా సీగర్ ఆ పడవలోనే వాషింగ్టన్ వెళ్లి, సంతకాల కట్ట కాంగ్రెస్‌కు అప్పజెప్పాడు. అధ్యక్షుడు నిక్సన్ వీటో చేసినా చట్టం నెగ్గింది. జనరల్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీల నుంచి నదిలో చేరిన పీసీబీ అనే విష రసాయనాల సంగతి మాత్రం అంత తేలిగ్గా తెగలేదు. అడుగు బురద తవ్వి తీసే పని 2009లో గానీ మొదలవలేదు, 2015 దాకా సాగింది.

సీగర్ 2014 జనవరిలో, 94 ఏళ్ల వయసులో పోయాడు. అంతకు ఏడేళ్ల ముందు, బీకన్ ఒడ్డున హడ్సన్ నీళ్లలోనే అడుగున వల కట్టి పిల్లలకో ఈత కొలను ఏర్పాటు చేశారు. అందులో దిగడానికి టికెట్ లేదు.