గుర్రపువాతం

మా అమ్మమ్మ చెల్లెలు తొలికాన్పులోనే పోయింది. ఎలా పోయిందని అడిగితే ఇంట్లో అందరిదీ ఒకటే మాట, "గుర్రపువాతం". ఆ తర్వాత ఇంకెవరూ ఏమీ అడగరు.

డాక్టర్లు దాన్నే ఎక్లాంప్సియా అంటారు. సాహిత్యం చదువుకున్నదాన్ని, ముందు మాట మూలం వెతికాను. గ్రీకులో తళుక్కున మెరవడమని అర్థం. మూర్ఛ వచ్చేముందు చాలామందికి విపరీతమైన తలనొప్పి, కళ్ళముందు మెరుపులు. ఆ మెరుపులు కనిపించేది ఆమెకొక్కదానికే. ఆమె చెప్పాలి, ఎవరో వినాలి.

వైద్యచరిత్రలో ఆమెను వినడం కంటే నిద్రపుచ్చడమే ఎక్కువ జరిగింది. 19వ శతాబ్దం చివర సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో స్ట్రోగనోవ్ మార్ఫిన్, క్లోరల్ హైడ్రేట్ ఇచ్చి చీకటిగదిలో అలికిడి లేకుండా ఉంచేవాడు. అంతకుముందు రక్తం తీసేవారు, హడావుడిగా బిడ్డను లాగేసేవారు. వాటితో పోలిస్తే ఇది దయే, ఒప్పుకోవాలి. మద్రాసులో కృష్ణమీనన్ 1961లో ప్రచురించిన మూడు మందుల మిశ్రమం మన దేశంలో చాలాకాలం నడిచింది. అదీ మత్తే.

మెగ్నీషియం సల్ఫేట్, అంటే మనమెరిగిన భేదిఉప్పే, 1906లోనే జర్మనీలో వాడారు. చవకైన మందు. అది మేలని తేల్చిన పెద్ద అధ్యయనం మాత్రం 1995లో వచ్చింది. 89 ఏళ్ళు! లీలియా డులీ అనే స్త్రీ ముందుండి నడిపిన ఆ పరిశోధనలో భారతదేశంతో సహా తొమ్మిది దేశాల నుంచి 1,687 మంది ఉన్నారు. మళ్ళీ మూర్ఛ రావడం డయాజిపామ్‌తో పోలిస్తే 52 శాతం, ఫెనిటాయిన్‌తో పోలిస్తే 67 శాతం తగ్గింది.

2002 నాటి మరో అధ్యయనంలో మూర్ఛ రాకముందే ఈ మందిస్తే ముప్పు సగానికి పైగా తగ్గిందని తేలింది. బిడ్డల మరణాల్లో మాత్రం తేడా లేదు. బిడ్డ కథ వేరు. ఈ జబ్బు నెమ్మదించాలంటే కాన్పు కావాలి, అది నెలలు నిండకముందే కావలసి రావచ్చు. ఊపిరితిత్తులు ఎదగని, బరువు తక్కువ బిడ్డకి ఆ తర్వాత దొరికే సంరక్షణే ప్రాణం. బతికి ఇంటికెళ్ళిన తల్లికీ కథ ముగియదు. రక్తపోటు, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు తర్వాతి జీవితమంతా ఎక్కువే. కాన్పు కాగితాల్లో ఆ జీవితానికి గడి ఉండదు.

మా పిన్నమ్మమ్మ బిడ్డ బతికింది. అమ్మమ్మే పెంచింది. చివరి రోజుల్లో ఒకసారి నాతో అంది, "రెండ్రోజుల ముందే చెప్పిందే, అక్కా, కళ్ళముందు మిణుగురులు ఎగురుతున్నాయని. నెలలు నిండితే అంతేలే, పడుకో అన్నాను. నేనే అన్నాను."