పొలుసులే మిగిలాయి

వాళ్లెవరూ మిగలలేదు. కథ చివర ఏముందో ముందే తెలుసు, తెలిసీ చెప్పుకోవాలి.

ఇంగ్లండులో లడ్లో పట్టణం దగ్గర, రాతి పొరల నడుమ సన్నని ‘ఎముకల పొర’ ఒకటుంది. దాని నిండా పొలుసులే. దాదాపు 42 కోట్ల ఏళ్ల కిందట ఆ చోటు లోతులేని సముద్రం. అక్కడ తిరిగిన థెలోడాంట్లు దవడలు లేని చేపలు. వాటి ఒంట్లో గట్టి ఎముక లేదు. చచ్చిపోగానే దేహం కరిగిపోయేది, వేలాది పొలుసులు ఇసుకలో చెదిరిపోయేవి. 1839లో శాస్త్రవేత్త లూయీ అగాసీ థెలోడస్ అని పేరు పెట్టింది ఆ పొలుసులను చూసే.

ఒక్క పొలుసును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడండి. ఆవగింజకన్నా చిన్నది. పైన నునుపైన కిరీటం, దాని కింద సన్నని మెడ, అడుగున చిన్న గుంట. ఒకప్పుడు ఆ గుంటలో బతికున్న గుజ్జు ఉండేది. కిరీటం ప్రధానంగా డెంటిన్, మన పంటిలో ఉన్న పదార్థమే. తలమీద గుండ్రంగా, ఒంటిమీద పొడవుగా, ఎక్కడికి తగ్గట్టు అక్కడ ఎంత శ్రద్ధగా అమరిందో ఆ కవచం!

దవడలున్న చేపలు వచ్చి థెలోడాంట్లను మింగేశాయని తేలిగ్గా చెప్పేస్తారు. నాకు మనసొప్పదు. రెండు వంశాలూ ఐదు కోట్ల ఏళ్లకు పైగా ఒకే నీళ్లలో బతికాయి. బతకడానికి దారులు ఇంకా ఉన్నాయి. ఉత్తర ఖండాల్లో డెవోనియన్ అనే భూయుగపు తొలిభాగం తర్వాత ఇవి దాదాపు కనుమరుగైనా, దక్షిణాన గోండ్వానా మహాఖండపు తీరాల్లో నిలదొక్కుకున్నాయి. పడమటి ఆస్ట్రేలియా రాళ్లలో సుమారు 38 కోట్ల ఏళ్ల నాటి ఆస్ట్రలోలెపిస్ పొలుసులు దొరికాయి. అయినవాళ్లంతా పోయాక, ఆ తీరాల్లో ఇంకా ఈదుతున్నాయి పాపం! ఆ నీళ్లు మరికొంత కాలం చల్లగా చూసి ఉంటే!

చూడలేదు. డెవోనియన్ చివరి కాలంలో సముద్రాల్లో ప్రాణవాయువు పదేపదే తరిగిపోయింది. సుమారు 36 కోట్ల ఏళ్ల కిందట ఆ యుగం ముగిసేసరికి థెలోడాంటు ఒక్కటీ లేదు.

ఇప్పటికీ సున్నపురాయిని పలుచని ఎసిటిక్ ఆమ్లంలో నానబెడితే, రాయి కరిగి ఈ పొలుసులు అడుగున చేరతాయి. దవడలేని చేపల్లో నేడు బతికున్నవి లాంప్రేలు, హాగ్‌ఫిష్‌లు మాత్రమే. వాటి ఒంటిమీద ఒక్క పొలుసూ లేదు.