మ్యాపు ఎవరి నుంచి దాచాలి?

ఈ రోజు ముచ్చట 1995 డిసెంబర్‌తో మొదలుపెడదాం. అప్పుడు ప్రధాని మన పీవీ నరసింహారావు గారు. రాజస్థాన్‌లోని పోఖ్రాన్‌లో అణుపరీక్షకి ఏర్పాట్లు గుట్టుగా జరుగుతున్నాయి. కానీ అమెరికా గూఢచారి ఉపగ్రహాలు పైనుంచి చూసేశాయి. డిసెంబర్ 15న న్యూయార్క్ టైమ్స్‌లో వార్త వచ్చింది. ఒత్తిడి పెరిగింది, పరీక్ష జరగలేదు.

రెండున్నరేళ్లకి, 1998 మేలో, అదే ఇసుక, పైన మళ్లీ ఉపగ్రహాలే. ఈసారి మనవాళ్లు ఎక్కువ పని రాత్రిళ్లు చేశారు. తెల్లారేసరికి యంత్రాలు పాత చోటుకే వచ్చేవి. శాస్త్రవేత్తలు సైనిక దుస్తుల్లో తిరిగారు. మే 11న పేలుళ్లు జరిగాక గానీ సీఐఏకి తెలియలేదు.

ఒకటి గమనించండి. పోఖ్రాన్ ఎక్కడుందో 1974 నుంచి ప్రపంచానికి తెలుసు. దాచింది ఆ చోటుని కాదు, అక్కడ ఎప్పుడు ఏం చేస్తున్నారన్నది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో నేను నేర్చుకున్నదీ ఇదే: పాస్‌వర్డ్ దాచాలి, తలుపు ఎక్కడుందో దాచి లాభం లేదు.

మరి మ్యాపుల విషయంలో ఏం చేశాం? సర్వే ఆఫ్ ఇండియా 1767లో ఈస్టిండియా కంపెనీ చేతిలో పుట్టింది. సైన్యం నడవాలన్నా, శిస్తు వసూలు కావాలన్నా మ్యాపు ఉండాలి. అందుకే మ్యాపు అంటే సర్కారు సొత్తు. తెల్లోళ్లు పోయారు, ఆ అలవాటు మాత్రం చాలాకాలం ఉండిపోయింది.

1999లో ఐకనాస్ అనే అమెరికా ప్రైవేటు ఉపగ్రహం పైకి వెళ్లింది. ఒక మీటరు వివరంతో తీసిన ఫొటోలు అంగడి సరుకైపోయాయి. మన 2001 పాలసీ మాత్రం 5.8 మీటర్ల దాకానే ధారాళంగా ఇస్తామంది. అంతకన్నా స్పష్టమైనవైతే ముందు వడపోత. 2005లో గూగుల్ ఎర్త్ వచ్చింది. అదే ఏడు మన జాతీయ మ్యాప్ పాలసీ మ్యాపుల్ని రెండుగా విడదీసింది: సైన్యానికి ఒకటి, జనానికి ఒకటి. 2011లో ఆ 5.8 కాస్తా ఒక మీటరైంది. 2021 ఫిబ్రవరి 15న వచ్చిన మార్గదర్శకాలతో మన కంపెనీలు మ్యాపు గీయడానికి ముందస్తు అనుమతి అక్కర్లేకుండా పోయింది.

ఇది ఢిల్లీ సంగతే అనుకోకండి. మన ఉపగ్రహాల డేటా దిగే గ్రౌండ్ స్టేషన్ పాత మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లోనే ఉంది. ఇక మా తిరుమలగిరి దిక్కు చెరువు శిఖం ఎక్కడిదాకా అనే పంచాయితీ ఊరికొకటి ఉంటది. ఒకాయన టిప్పన్ తెస్తాడు, ఇంకొకాయన పహాణీ తెస్తాడు. ఏ ఏడు నీళ్లు ఎక్కడిదాకా నిలిచాయో పాత ఉపగ్రహ చిత్రం చెప్పగలదు. దానికి కులం లేదు, పార్టీ లేదు. అలాంటి సాక్షిని బీరువాలో పెడితే నష్టపోయేది శత్రువు కాదు, ఆయకట్టు చివరి రైతు.

అలాగని రహస్యమే వద్దనను. పోఖ్రాన్ చూశాం కదా. కాకపోతే రహస్యానికి కారణం ఉండాలి, గడువూ ఉండాలి. అమెరికా 1960 నుంచి 1972 దాకా తీసిన కరోనా గూఢచారి ఫొటోలు, 8 లక్షలకు పైగా, 1995లో బయటపెట్టింది. ఇప్పుడు వాటిలో పురావస్తువాళ్లు పాత ఊళ్లు, పాత కాలువలు వెతుక్కుంటున్నారు. ఒకప్పటి గూఢచర్యం ఇవాళ చరిత్రకి ఆధారమైంది.

కాబట్టి ఈసారి ఎవరైనా "ఇది రహస్యం" అంటే రెండే ప్రశ్నలు అడగండి: ఎవరి నుంచి? ఎన్నాళ్లు? మళ్లీ కలుద్దాం, ఉంటాను.