ఆస్కార్ నామ విచారము

స్వీడను దేశమున ఇద్దరు రాజులు ధరించిన 'ఆస్కార్' అను పురుషనామము పుట్టుకచే ఐర్లండు వీరగాథలకు చెందినది. ఫిన్ మక్ కూల్ అను వీరుని గాథాచక్రములో ఆస్కార్ ఆతనికి మనుమడు. ఒషీన్ అను కవివీరుని కుమారుడు. గావ్రా యుద్ధమున కైర్బ్రె రాజును గూల్చి తానును కూలెను. ఫిన్ తన జీవితమున కంట నీరు పెట్టినది ఈ మనుమని కొరకును, బ్రాన్ అను వేటకుక్క కొరకును మాత్రమేయని గెయిలిక్ గేయములు చెప్పుచున్నవి.

నామకోశములు దీనికి 'లేడికి మిత్రుడు' అని యర్థము చెప్పును. ప్రాచీన ఐరిషు భాషలో 'ఒస్' అనగా లేడి, 'కర' అనగా మిత్రుడు. ఈ నిర్వచనమునకు గాథయు తోడ్పడుచున్నది. ఒషీన్ అనగా లేడిపిల్ల; ఆతని తల్లి సైవ్ మంత్రబలమున లేడి యయ్యెనని కథ. తండ్రి లేడిపిల్ల, కొడుకు లేడిమిత్రుడు! పొందిక మిక్కిలి చక్కగ నున్నది. అంత చక్కగ నుండుటయే మా సందేహమునకు కారణము. వ్యాకరణమును జూతము. 'కర' శబ్దము షష్ఠీ విభక్తిలో తకారమును గ్రహించి 'కరత్' అగును. వీరుని పేరునకు షష్ఠిలో ఆ తకారము లేదు. తుది రేఫము తాలవ్యమగుట మాత్రమే కలదు. సమాసమున ఉత్తరపదము తన తీరు మార్చుకొనవచ్చునందురేని, అట్లు మారెనని చూపు భారము వారిదే.

మరికొందరు ప్రాచీనాంగ్లములోని 'ఓస్‌గార్', నార్సు భాషలోని 'ఆస్‌గేర్' అను నామములను చూపుదురు. వీనికి 'దేవుడు', 'ఈటె' అను పదములు మూలము. నార్సువారు 795 నుండి ఐర్లండుపై దండెత్తి, పిదప అచట స్థిరపడిరి. వారి 'రొగ్న్‌వల్డ్' ఐరిషులో 'రగ్నల్' అయ్యెను. కనుక ఆదానము అసంభవము కాదు. కాని ధ్వనిసామ్య మొక్కటియే ప్రమాణము కాజాలదు. మృగార్థము మాత్రము ఒషీన్ కథను బట్టి తరువాతివారు అతికినదని మా యూహ.

వ్యాప్తికి కారకుడు స్కాట్లండువాడగు జేమ్స్ మాక్‌ఫెర్సన్. 1760-65 నడుమ ఇతడు ప్రకటించిన 'ఒసియన్' కావ్యములు ప్రాచీనకవి కృతులకు అనువాదములని చెప్పుకొనెను. శామ్యూల్ జాన్సన్ వానిని కూటరచనలనెను. 1952లో డెరిక్ తామ్సన్ వానిలో నిజమైన గెయిలిక్ గేయముల జాడలు కలవని నిరూపించెను. పండితులు తగవులాడుచుండగా నామము మాత్రము ఆగలేదు. ఆ కావ్యములనిన నెపోలియనునకు మిక్కిలి మక్కువ. 1799లో పారిసున బెర్నదోత్ సేనానికి కలిగిన కుమారునకు నెపోలియన్ జ్ఞానపిత. శిశువునకు ఆస్కార్ అను పేరును చేర్చిరి. అప్పుడు నెపోలియన్ ఈజిప్టులో నుండెను! ఆ శిశువే 1844లో స్వీడను రాజయ్యెను.

1854లో డబ్లిన్‌లో జన్మించిన ఆస్కార్ వైల్డ్ పూర్తి నామములో 'ఫింగల్' అనునదియు కలదు. అది ఫిన్ పేరునకు మాక్‌ఫెర్సన్ ప్రచారము చేసిన రూపము. తాతయు మనుమడును పుట్టినింటికి మరల వచ్చిరి గాని, స్కాట్లండు మీదుగా వచ్చిరి.