కలరా ఉండలూ, కదలని ఎలక్ట్రాన్లూ

పట్టుచీరల మడతల్లో మనం వేసుకునే కలరా ఉండలకీ, కృష్ణా జిల్లా చరిత్రకీ సంబంధం ఉందంటే నవ్వుతారేమో! నవ్వండి, ఫరవాలేదు. కానీ చివరిదాకా చదివి నవ్వండి.

మన ప్రాంతం చరిత్ర అనగానే ఏం గుర్తొస్తుంది? కొండపల్లి కోట, బందరు రేవు, 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట. రాజులూ, రేవులూ, కాలవలూ. ఆలోచనలకి కూడా చరిత్ర ఉంటుందనీ, అదీ మన ఊళ్ళలోనే మొలకెత్తవచ్చుననీ పిల్లలకి చెప్పేవాళ్ళు తక్కువ. నేను బి.ఏ. చదివి నవలలు రాసుకునేదాన్ని. అయినా ఈ కథ నన్ను పట్టుకుని వదల్లేదు.

బెజవాడ నుంచి నూజివీడు వెళ్ళే దారిలో అగిరిపల్లి ఉంది. శోభనాచలస్వామి కొలువున్న ఊరు. ఆనాటి కృష్ణా జిల్లాలోని ఆ ఊళ్ళో 1909లో సూరి భగవంతంగారు పుట్టారు. హైదరాబాదు నిజాం కాలేజీలో చదువుకుని, 1928లో కలకత్తా వెళ్ళి సి.వి. రామన్‌గారి దగ్గర చేరారు. రామన్ ఫలితం బయటపడిన సంవత్సరమే అది.

మరుసటి ఏడు, 1929లో, ఇరవై ఏళ్ళ ఈ కుర్రవాడు లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. దేనిమీదనుకున్నారు? నాఫ్తలీన్ మీద! అవును, మన కలరా ఉండల సరుకే. ఇది ఇనుములాగా అయస్కాంతానికి అంటుకోదు. పైగా ఉండీ లేనట్టుగా దూరం తొలుగుతుంది. ఆ తొలగటం కూడా స్ఫటికంలో అన్ని దిక్కులా ఒకేలా ఉండదు. ఆ తేడాని కొలిస్తే, కంటికి కనపడని అణువులు లోపల ఎలా పడుకుని ఉన్నాయో పోల్చుకోవచ్చు. తలుపు తీయకుండానే గదిలో మంచం ఏ వైపుందో చెప్పటం లాంటిదన్నమాట.

తరవాత ఆయన వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. వేంకటరాయుడుగారితో కలిసి, సౌష్ఠవానికి సంబంధించిన గణితాన్ని భౌతికశాస్త్రానికి ఎలా వాడాలో వివరిస్తూ 1948లో పుస్తకం తెచ్చారు. 1957 నుంచి 1962 దాకా బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరుగా ఉన్నారు. అంత పెద్ద పదవులు చేస్తూ కూడా అయస్కాంతాన్ని వదల్లేదు. 1964లో పి.వి. పంతులుగారితో కలిసి మళ్ళీ అదే దారిపట్టారు.

సౌష్ఠవమంటే మనకి తెలియనిదేం కాదు. ముగ్గుని పావు చుట్టు తిప్పినా అలాగే కనిపిస్తే అదే సౌష్ఠవం. ఇప్పుడు నలుపూ తెలుపూ గళ్ళ చీర తీసుకోండి. ఒక్క గడి పక్కకి జరిపితే నలుపున్న చోటికి తెలుపొస్తుంది. రంగులు కూడా తారుమారు చేస్తే మళ్ళీ మొదటి చీరే! కొన్ని స్ఫటికాల్లో ఎలక్ట్రాన్ల బుల్లి అయస్కాంతాలు ఇలాగే, ఒకటి పైకీ దాని పక్కది కిందికీ చూస్తుంటాయి. మామూలు స్ఫటికాలకి 32 తరగతులు. ఈ తారుమారుని కూడా లెక్కలో వేసుకుంటే మరో 58 చేరి 90 అవుతాయి. ఏ తరగతిలో ఏ అయస్కాంత గుణానికి చోటుందో, దేనికి లేదో ఆ ఇద్దరూ గణితంతో తేల్చారు.

చోటుందో లేదో చెప్పేది సౌష్ఠవం. అసలా గళ్ళు ఎందుకు పడతాయి? దానికి జవాబు ఎలక్ట్రాన్ల కాపురంలో ఉంది. 1937లో డిబోర్, వెర్వే అనే ఇద్దరు డచ్చివాళ్ళు ఒక చిక్కుముడి చూపించారు. అప్పటి సిద్ధాంతం ప్రకారం నికెల్ ఆక్సైడులో కరెంటు పారాలి. పారదు! ఎందుకంటారా? ఇద్దరేసి కూర్చునే సీట్లున్న బస్సు ఊహించుకోండి. ప్రతి సీట్లోనూ ఒక్కొక్క ఆవిడ. ఎవరికీ ఇంకొకరి పక్కన కూర్చోవటం ఇష్టంలేదు. చోటున్నా కదలిక లేదు. ఎలక్ట్రాన్లూ అంతే, ఒకదాన్నొకటి గెంటుకుంటాయి కనక ఎక్కడివక్కడే బిగుసుకుపోతాయి. పాత సిద్ధాంతం ఒక్కో ఎలక్ట్రాన్నీ ఒంటరిదానిగా చూసింది, ఇరుగుపొరుగు పోరుని మరిచింది. ఆ పోరే కరెంటుని ఆపుతుంది, ఆ పోరే అయస్కాంతపు గళ్ళూ నేస్తుంది. ఈ విషయాన్ని తరచి చూసినవాళ్ళలో ముఖ్యుడు మాట్. ఆయనకి 1977లో నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది.

మరి కొందరు ఆడవాళ్ళు బస్సు దిగిపోతే? ఖాళీ సీట్లొస్తాయి, కదలిక మొదలవుతుంది. 1986లో జ్యూరిచ్ దగ్గర బెడ్నోర్జ్, ముల్లర్ ఇలా బిగుసుకున్న రాగి ఆక్సైడు జాతిలోనే కొన్ని ఎలక్ట్రాన్లని తగ్గించి చూశారు. బాగా చల్లబరిస్తే, అడ్డూ ఆపూ లేకుండా కరెంటు పారింది! మరుసటి ఏడే ఆ కుటుంబంలోని ఇంకో పదార్థం సున్నాకి 180 డిగ్రీల దిగువన ఆ పని చేసింది. 1989లో కన్నుమూసిన భగవంతంగారి జీవితకాలంలోనే ఇదంతా జరిగింది. అలా ఎందుకు పారుతుందో అందరూ ఒప్పుకునే జవాబు ఇవాళ్టికీ దొరకలేదు.

మన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో బొగ్గు కాల్చి పుట్టించిన కరెంటు తీగల్లో పారుతూ, కొంత వేడిగా మారి దారిలోనే పోతుంది. ఆ చిక్కుముడి విప్పి, మామూలు ఎండలో కూడా పనిచేసే తీగ ఎవరైనా తయారుచేస్తే ఆ నష్టం తప్పుతుంది. విప్పేది ఏ ఊరి పిల్లో ఎవరికి తెలుసు? అగిరిపల్లిలో పుట్టిన పిల్లవాడు రాయల్ సొసైటీ దాకా వెళ్ళిన దారి మన కళ్ళముందే ఉంది. కాబట్టి ఇంట్లో అమ్మాయి లెక్కల పుస్తకం తీసినప్పుడు, "ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకమ్మా" అనే మాట మాత్రం మన నోట రానివ్వద్దు. కదలటానికి ఒక్క ఖాళీ సీటు చాలు.